సంస్థ వారికి మేమిచ్చిన సర్దుబాటు

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం ఏమీ తోచక కూర్చుని, చివరికి తన ప్రమేయం లేకుండా తన డబ్బు ఖర్చయిపోయే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దీన్ని ఆటో డెబిట్ అంటారు. నాగరికత ఎక్కడ మొదలైందన్నది పండితులు తేల్చుకోవాల్సిన విషయం గానీ, అది పూర్తయింది మాత్రం మా నగరిలోనే, నేతగాళ్ల వీధి చివరనున్న కల్యాణ మండపంలో. నేను స్వయంగా చూశాను. నా వేలు కూడా పెట్టాను.

అంతకుముందు మేము అనాగరికులం. కరెంటు బిల్లు వస్తే కిటికీ దగ్గర వరసలో నిలబడి కట్టేవాళ్లం. కిటికీ లోపలి మనిషి టీ తాగి వచ్చేవరకు ముందున్నవాడితో కలిసి బిల్లును తిట్టేవాళ్లం, వెనకున్నవాడితో కలిసి ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లం. (ఏ ప్రభుత్వమన్నది ముఖ్యం కాదు, వరస అదే.) ఇంటికి చేరేసరికి సగం కోపం తగ్గేది. ఈ సదుపాయాన్ని రద్దు చేస్తున్నప్పుడు, మిగిలిన కోపాన్ని జనం ఎక్కడ పెట్టుకోవాలో వెలుగుల పంపిణీ సంస్థ వారు తమ ఉత్తర్వులో పేర్కొనలేదు.

కల్యాణ మండపంలో జరిగినదాని పేరు స్వచ్ఛంద అంగీకార శిబిరం. చేరడం పూర్తిగా మన ఇష్టం. చేరడం ఇష్టం లేనివాళ్లు మాత్రం తమకెందుకు ఇష్టం లేదో మూడు ప్రతుల్లో రాసిచ్చి, గెజిటెడ్ అధికారి చేత ఆ అయిష్టాన్ని ధ్రువీకరించుకోవాలి. దాంతో వీధి వీధంతా స్వచ్ఛందంగా చేరింది. మజ్జిగ కూడా ఇచ్చారు.

శిబిరం నడిపినవాడు ఢిల్లీబాబు. మా ఊరి కుర్రవాడే. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక తిరుగుతుంటే సంస్థ వారు ‘డెబిట్ మిత్ర’ అనే పదవినిచ్చి, మెడలో ఒక కార్డు వేశారు. జీతం గురించి ఆ కార్డు మీద ఏమీ లేదు. అతని ముందు వరసలో నాకన్నా ముందు నిలబడింది నా పక్కింటి దంపతులు, వెంకటముని, చౌడేశ్వరి. ఇంటి ముందుగదిలో రెండు మరమగ్గాలు, వెనకగదిలో కాపురం, రెంటికీ కలిపి ఒకటే మీటరు. మా వీధిలో మగ్గాల చప్పుడుకు ఎవరికీ నిద్ర చెడదు. చప్పుడు ఆగితేనే లేచి కూర్చుంటారు.

చౌడేశ్వరి ఆ యేడు ఒక పని తలపెట్టింది. పెళ్లయినప్పటినుంచీ ఆ ఇద్దరూ షావుకారు నూలు ఇస్తే కూలికి నేసినవాళ్లే. ఈసారి ఒక్క పండగకైనా సొంత నూలు కొని, సొంతంగా నేసి, సొంతంగా అమ్మాలని ఆమె కోరిక. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండకు మొక్కు కావళ్లు మోసుకుపోయే జనం మా వీధి మీదుగానే నడుస్తారు. వాళ్లందరికీ పసుపు తుండు కావాలి. ఆ తుండ్లకు నూలు కొనడానికని ఆమె కూలి డబ్బులోంచి మిగిల్చి బ్యాంకులో వేస్తూ వచ్చింది. ఆటో డెబిట్‌కు ఢిల్లీబాబు అడిగింది ఆ ఖాతానే. వాళ్లకున్నది ఆ ఒక్క ఖాతానే.

నెలకు ఎంతవరకు తీసుకోవచ్చో హద్దు రాయాలన్నాడు ఢిల్లీబాబు. వాళ్ల బిల్లు పదిహేను వందలు దాటదు. అతను పదిహేను వేలని నొక్కాడు. చౌడేశ్వరి ఉలిక్కిపడి అంత ఎందుకని అడిగింది.

“అది హద్దు మాత్రమే కదక్కా. అంత తీసుకుంటారని కాదు, అంతకు మించి తీసుకోరని,” అన్నాడు.

ఆమెకు ఆ మాట బాగా నచ్చింది. నాకూ నచ్చింది, అందుకే నేనూ వేలు పెట్టాను. ఓటీపీ అనే సంకేత సంఖ్య రావడానికి ఫోను నంబరు కావాలంటే, వెంకటముని ఫోనులో సిగ్నల్ లేదు. వెనక జనం తోసుకుంటున్నారు. పని తొందరగా కావాలని ఢిల్లీబాబు తన నంబరే వేసుకున్నాడు. ఇలాంటి సేవాభావం ఈ రోజుల్లో అరుదు.

ఎండాకాలం వచ్చింది. బిల్లు కూడా పెరిగింది, రెంటికీ సంబంధం ఉందని మొదట్లో అనుకున్నాం. మీటరు చూసేవాడు వచ్చి, మిషనులోంచి మూరెడు కాగితం లాగి చేతిలో పెట్టాడు. అందులో యూనిట్ల కింద, పన్నుల కింద, కొత్తగా ఒక మాట ఉంది. సర్దుబాటు.

ఈ సర్దుబాటు ఏమిటో పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరు మీ బిల్లు చదవడం లేదన్నమాట. రెండేళ్ల కిందట మీరు వాడుకున్న కరెంటుకు, అప్పట్లో అనుకున్నదానికన్నా బొగ్గు ఎక్కువ ఖర్చయిందని సంస్థ వారికి ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ తేడా మీరు కట్టాలి. పుత్తూరు బస్టాండులో రెండేళ్ల కిందట మీరు తిన్న పొంగలికి నెయ్యి ఎక్కువ పట్టిందని హోటలాయన ఇవాళ మీ ఇంటికొచ్చి చెయ్యి చాపితే మీరేమంటారో నాకు తెలుసు. పాపం, ఆయనకు ఆటో డెబిట్ లేదు.

అయితే మా నేతగాళ్ల వీధిలో సర్దుబాటు అన్న మాట సంస్థ కన్నా ముందునుంచీ ఉంది. ఇంట్లో చెయ్యి ఇరుకున పడితే పక్కింటికి వెళ్లి, ఒక ఐదువందలు సర్దుబాటు చెయ్యక్కా అని అడుగుతారు. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు. గుడ్డ కోసి షావుకారుకిచ్చి కూలి తెచ్చుకున్న రోజు తిరిగి ఇచ్చేస్తారు. ఆలోపు ఇచ్చినవాళ్లు అడగకూడదు, అడిగితే మర్యాద కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఉత్త డబ్బు చేతిలో పెట్టకూడదు, దాంతోపాటు ఆకువక్కో, మూర పూలో, పెరట్లోని రెండు మునక్కాయలో తేవాలి. ఎదురింటి మునెమ్మ నెలకోసారి చౌడేశ్వరి దగ్గర సర్దుబాటు తీసుకుంటుంది. చౌడేశ్వరి ఇంట్లో నెలకోసారి మునక్కాయ చారు కాస్తారు.

కాబట్టి బిల్లులో ఆ మాట చూసి చౌడేశ్వరికి కోపం రాలేదు. జాలి కలిగింది. అంత పెద్ద కంపెనీకే చెయ్యి ఆడనంత కష్టమొచ్చిందంటే, ఎంత ఇబ్బందిలో ఉన్నారోనని భర్తతో అన్నదట. ఆమెకు నచ్చనిదల్లా ఒక్కటే.

“అడిగితే ఇయ్యమా అన్నా?” అంది నాతో. “అడక్కుండా తీసుకున్నారే, అదే నాకు కష్టంగా ఉండాది.”

మర్యాద కనుక ఆమె ఎదురుచూసింది. తర్వాతి నెల సంస్థ వారు ఇంకో సర్దుబాటు తీసుకున్నారు. మొదటిది తీర్చకుండా రెండోది తీసుకోవడం మా వీధిలో ఎరగని పద్ధతి. ఆ పై నెల మూడోది, ముందు రెంటికన్నా పెద్దది. ఢిల్లీబాబు మాట తప్పలేదు, హద్దు మాత్రం దాటలేదు. ఆడి నెల దగ్గర పడింది. నూలు అంగడికి వెళ్లి పసుపు కోన్ల ధర అడిగి, అక్కడినుంచి బ్యాంకుకెళ్లి పుస్తకంలో అచ్చు వేయించుకుంటే, కావలసిన నూలులో సగానికి కూడా డబ్బు లేదు.

అప్పుడొచ్చింది నా దగ్గరికి. వీధిలో అర్జీలు రాసేది నేనే. (నా అర్జీల్లో ఇంతవరకూ ఒక్కటి కూడా తిరస్కరణకు గురికాలేదు. దేనికీ జవాబే రాలేదు.)

“ఇచ్చినోళ్ళు అడక్కూడదు, నాకూ తెలుసు. ఆడికృత్తిక ఆగదు గదన్నా. మన సర్దుబాటు మనకిచ్చేయమని మర్యాదగా రాయి,” అంది.

నేను చదువుకున్నవాణ్ణి. కంపెనీ సర్దుబాటు వేరు, మన సర్దుబాటు వేరు, అది తిరిగి రాదని విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని, తిరిగి ఇయ్యనిదానికి ఆ పేరెందుకు పెట్టినారని అడిగింది. నేను కాగితం తీసుకుని అర్జీ రాయడం మొదలుపెట్టాను.

నగరి ఆఫీసులో మమ్మల్ని నిలబెట్టి మా అర్జీ చదివారు. ఇక్కడ తీసుకునే ఏర్పాటు మాత్రమే ఉందని, ఇచ్చే విషయం పుత్తూరులో కనుక్కోమని చెప్పారు. పుత్తూరు విరిగిన చేతులకు కట్టు కట్టే ఊరు. ఇరుకున పడ్డ చేతుల సంగతి మాత్రం తిరుపతిలో చూస్తారట. ముగ్గురం బస్సెక్కి తిరుపతికి పోయాం. ఒక రోజు కూలి పోయింది, అది సర్దుబాటు కిందికి రాదు.

తిరుపతి ఆఫీసులో మాకు దొరికినవారు ఉప సహాయ సర్దుబాటు అధికారి యతిరాజులు గారు. నుదుటి మీద తీర్చిన నామం, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. మమ్మల్ని కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు. నా ఇరవయ్యేళ్ల అర్జీల అనుభవంలో ఏ అధికారీ కూర్చోమనలేదు కాబట్టి, అప్పుడే నాకు అనుమానం రావలసింది.

“మీకెప్పుడు వీలవుతాది సామీ?” అని అడిగింది చౌడేశ్వరి. “అంతా ఒకేసారి వద్దు. నూలుకు తగ్గింది ఇప్పుడిచ్చి, మిగిలింది మీకు చెయ్యి ఆడినప్పుడే ఇయ్యండి.”

యతిరాజులు గారు ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత కంప్యూటరు తెరిచి, ఫిర్యాదుల రకాలను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. మీటరు కాలినది, తీగ తెగినది, స్తంభం కూలినది, ఇతరములు. ‘ఇతరములు’ నొక్కితే తెరుచుకోలేదు. ఫిర్యాదులు ఎక్కువయ్యాయని దాన్ని మూసేశారట. ఆయన కాసేపు ఆలోచించి, ‘స్తంభం కూలినది’ నొక్కారు. దానికైతే వెంటనే కదలిక ఉంటుందమ్మా అన్నారు. మంచి మనిషి.

కదలిక నిజంగానే వచ్చింది. మర్నాడు ఒక లారీ, తాళ్లు, నలుగురు మనుషులు చౌడేశ్వరి ఇంటి ముందు దిగారు. వీధిలో స్తంభాలన్నీ చూశారు. ఏదీ కూలలేదు. వెంకటముని వాళ్లకు టీ పోయించాడు. స్తంభం నిలబడి ఉన్నదని, సమస్య పరిష్కరించబడినదని రాసుకుని, దాని కింద ఆయన సంతకం తీసుకుని వెళ్లారు. సంతృప్తి స్థాయి ఐదుకు ఐదని వాళ్లే వేసుకున్నారు.

యతిరాజులు గారు అక్కడితో వదిలెయ్యలేదు. నగరి ప్రాంత వినియోగదారులు సర్దుబాటును చేబదులుగా భావిస్తున్నారని పై ఆఫీసుకు రాశారు. పై ఆఫీసు వారు దీన్ని ఎంతో తీవ్రంగా తీసుకుని, పదావగాహన సంఘం ఒకటి వేశారు. సంఘం చల్లని గదిలో సమావేశమై, చల్లదనానికయ్యే కరెంటు గురించి ఏమీ చర్చించకుండా, ఒక ఉత్తర్వు తయారుచేసింది. దాని నకలు నా దగ్గరుంది, నాకిష్టమైన భాగం ఇది: “సర్దుబాటు అనగా వినియోగదారుడు చేయునది. సంస్థ చేయునది కాదు. తిరిగి ఇచ్చుట అను అర్థమును ప్రాంతీయ ఉచ్చారణ దోషముగా పరిగణించవలెను.” సంఘానికైన ఖర్చును పదావగాహన రుసుము అనే పేరుతో నగరి వాసుల బిల్లుల్లో కలిపారు. తప్పుగా అర్థం చేసుకున్నవాళ్లం మేమే గనుక అది న్యాయమే.

ఇక ఆటో డెబిట్ ఆపేద్దామంది చౌడేశ్వరి. బ్యాంకుకు పోతే, అది మీకూ సంస్థకూ మధ్య విషయమన్నారు. సంస్థకు పోతే, మీకూ బ్యాంకుకూ మధ్య విషయమన్నారు. రెండుచోట్లా మధ్యలో ఉన్నది చౌడేశ్వరే అన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం ఉంది. చివరికి ఒకాయన దయ తలచి, నంబరుకు వచ్చే సంకేత సంఖ్య చెబితే ఆపేస్తామన్నాడు. నంబరు ఢిల్లీబాబుది. ఢిల్లీబాబు ఇప్పుడు డెబిట్ మిత్ర కాదు, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి పోతున్నాడు. అక్కడ గేటు దగ్గర ఫోను తీసి పెట్టుకుని మనిషిని మాత్రమే లోపలికి పంపుతారు. సంఖ్య చెల్లుబాటయ్యేది బ్యాంకు తెరిచి ఉన్న వేళలో, ఐదు నిమిషాలు. ఢిల్లీబాబు బయటికొచ్చేది బ్యాంకు మూసిన తర్వాత.

ఆదివారం ఇంటికొచ్చినప్పుడు చౌడేశ్వరి అతన్ని పట్టుకుంది. అతను తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకుని నిలబడ్డాడు.

“నన్నేం సెయ్యమంటావక్కా? నా ఖాతాలోంచీ పోతానే ఉండాది,” అన్నాడు. ఆమె తిట్టలేదు.

అప్పుడు ఆమె తన తెలివితో ఒక పని చేసింది. ఖాతాలో మిగిలిందంతా తీసి నూలు కొనేసింది. తక్కువ పడ్డదానికి కమ్మలు తీసి బ్యాంకులో తాకట్టుకని వెంకటముని చేతికిచ్చింది. రెండు మగ్గాల మీదా పసుపు నూలు ఎక్కింది. వీధిలో మేమందరం వెళ్లి చూసొచ్చాం. కూలి నేతలో ఎప్పుడూ చూడని వింత ఒకటి చూశాను. వెంకటముని మగ్గం ఆపి, నేసిన గుడ్డను వెనక్కీ ముందుకీ తిప్పి, చేత్తో నిమురుతున్నాడు.

నెల తిరిగింది. సంస్థ వారు ఎప్పటిలాగే ఖాతాలో చెయ్యి పెట్టారు. లోపల ఏమీ తగల్లేదు. డబ్బు లేనందుకు బ్యాంకు వారు జరిమానా రాశారు. డబ్బు రానందుకు సంస్థ వారు ఇంకో జరిమానా రాశారు. అలా నాలుగుసార్లు చెయ్యి పెట్టారు, నాలుగుసార్లూ రెండు జరిమానాలు పడ్డాయి. డబ్బు లేదని మొదటిసారే తెలిసినప్పుడు మిగిలిన మూడుసార్లు ఎందుకు పెట్టారని మీరడగవచ్చు. ఆటో అంటే అదే.

తర్వాత లైన్‌మన్ వచ్చి ఫ్యూజు తీసుకుపోయాడు. తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. ఫ్యూజు ఉంది. రెండు మగ్గాలూ తుండు మధ్యలో ఆగిపోయాయి, వీధంతా లేచి కూర్చుంది. ఆడికృత్తిక ఇంకా వారం ఉంది. కరెంటుంటే ఆ వారంలో తుండ్లన్నీ అయిపోతాయి. పక్కనుంచి నేను తీగ లాగి ఇస్తానన్నాను. అది నేరమని, పట్టుకుంటే నా కనెక్షన్ కూడా పోతుందని వెంకటముని ఒప్పుకోలేదు.

మళ్లీ తిరుపతికి పోయాం. యతిరాజులు గారు మళ్లీ కూర్చోమన్నారు. చౌడేశ్వరి కూర్చోలేదు. చేతిసంచిలోంచి ఒక పసుపు తుండు తీసి ఆయన బల్ల మీద పరిచింది.

“సామీ, ఇంతకుముందు నేనడిగింది తప్పయితే పోనీ, అది మీరు ఇయ్యొద్దు. ఇది సూడండి. సగం అయినాయి, సగం మగ్గం మీద ఉండాయి. పండగ దాకా కరెంటు ఇయ్యండి. తుండ్లు అమ్మినాక మీ జరిమానాలతో సహా, ఆకువక్క పెట్టి తెచ్చిస్తాను. ఒక్క వారం మాకు సర్దుబాటు సెయ్యండి.”

యతిరాజులు గారు తుండును చేత్తో తాకి చూశారు. ఆయన ముఖంలో బాధ నిజంగానే కనిపించింది. దాన్ని నమోదు చేయడానికి కంప్యూటరులో చోటు లేదు. చివరికి సొరుగులోంచి ఆ ఉత్తర్వు తీసి మా వైపు తిప్పి పెట్టారు.

“సంస్థ ఎవరికీ సర్దుబాటు చెయ్యకూడదమ్మా,” అన్నారు. “అది మీరు చేసేది.”

ఆడికృత్తిక నాడు కావళ్లు మా వీధి మీదుగానే పోయాయి. తెల్లవారకముందునుంచే జనం, డప్పులు, నెమలి ఈకలు. అందరి ఒంటి మీదా పసుపు గుడ్డలు, ఎక్కడెక్కడివో. వెంకటముని అరుగు మీద ఉన్న తుండ్లు పేర్చుకుని కూర్చున్నాడు. అవి కాసేపట్లోనే అయిపోయాయి. ఆ తర్వాత కూడా జనం ఆగి ఆగి, ఇంకా ఉండాయా అప్పా అని అడుగుతున్నారు. లోపల చీకట్లో మగ్గం మీద మిగిలిన పసుపు అలాగే ఉంది. ప్రతివాడికీ ఆయన లేవప్పా, లేవప్పా అని చెబుతుంటే నాకు కడుపు మండిపోయింది. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు, పాఠకులు గమనించగలరు.

పండగైన మర్నాడు కరెంటు వచ్చింది. తాకట్టు కమ్మలు విడిపించే డబ్బు ఖాతాలోంచే కట్టాలని బ్యాంకు వారంటే, తుండ్లు అమ్మినదంతా చౌడేశ్వరి పొద్దున్నే అందులో వేసింది. ఆమె ఇంటికి చేరేలోపే పాత బాకీ, ఎనిమిది జరిమానాలు, ఫ్యూజు తీసిన రుసుము, ఫ్యూజు పెట్టిన రుసుము అన్నీ పోయాయి. మీ సహకారానికి ధన్యవాదాలని ఢిల్లీబాబు ఫోనుకు సందేశం వచ్చింది. మిగిలిన పసుపు తుండ్లను వచ్చే యేటికి పనికొస్తాయని షావుకారు అడిగిన ధరకు తీసుకుపోయాడు. పోతూ పోతూ కూలి నూలు దించి పోయాడు. మగ్గాలు మళ్లీ ఆడుతున్నాయి. వీధి హాయిగా నిద్రపోతోంది.

మొన్న మునెమ్మ ఎప్పటిలాగే చౌడేశ్వరి గుమ్మం ముందు నిలబడింది. మనవడికి జ్వరమని, ఒక ఐదువందలు సర్దుబాటు చెయ్యమని అడిగింది. నేను మా అరుగు మీదే ఉన్నాను. చౌడేశ్వరి జీవితంలో ఎన్నడూ మునెమ్మకు లేదనలేదు. ఆ రోజు మాత్రం డబ్బు పట్టుకునే బయటికొచ్చి, ఇవ్వకుండా ఒక్క క్షణం ఆగింది.

“సేబదులంటే ఇస్తాను మునెమ్మా,” అంది. “సర్దుబాటంటే మాత్రం నా దగ్గర లేదు.”

నగరి నేతగాళ్ల వీధిలో పదావగాహన కార్యక్రమం నూటికి నూరుపాళ్లు విజయవంతమైనదని సంస్థ వారికి ఇందుమూలముగా తెలియజేయడమైనది.